మా ఊరి కల్వర్టు కూలింది, మనం ఇథియోపియాకు అప్పిచ్చాం. ఇందులో లెక్క ఏమిటి?

కాలువగట్టు:
మా ఊరికీ మండల కేంద్రానికీ మధ్య కల్వర్టు కూలి ఇది మూడో వానాకాలం. ట్రాక్టరైతే కాలువలోకి దిగి అవతల ఎక్కుతుంది. బడిపిల్లల ఆటో మాత్రం నాలుగు కిలోమీటర్లు చుట్టు తిరగాలి. నిన్న మా అబ్బాయి పోటీ పరీక్షల పుస్తకం పైకి చదువుతున్నాడు. ఇథియోపియాలో పంచదార కర్మాగారాలకు మన దేశం 64 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసిందట. భూటాన్‌లో జలవిద్యుత్ కేంద్రాలు, కాబూల్‌లో పార్లమెంటు భవనం మన సొమ్ముతో కట్టారట. వర్ధమాన దేశాలు ఒకదానికొకటి ఇలా సాయపడటానికి ‘దక్షిణ–దక్షిణ సహకారం’ అని పేరట.

నాకు అసూయ లేదు. పిలిచిన పెళ్లికి చదివింపులు తప్పవని తెలుసు. కానీ ఇంటి కప్పు కారుతుంటే ఊరందరికీ చదివించుకుంటూ తిరిగేవాడిని ఏమంటారు? ఈ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, తిరిగి వస్తుందా? తెలిసినవారు చెప్పండి. ఉపన్యాసాలు మాత్రం వద్దు.

పద్దులరాయుడు:
ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసి దిగినవాడిని, అప్పుకూ చదివింపుకూ తేడా చెప్పకపోతే నిద్ర పట్టదు. మీ అబ్బాయి చదివిన మూడూ మూడు రకాలు. కాబూల్ భవనం చదివింపు, తిరిగి రాదు. ఇథియోపియాది అప్పు. భూటాన్‌లో రెండూ కలిశాయి. అక్కడ మొదటి పెద్ద కేంద్రం చుఖాకు 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు. 2019లో పూర్తయిన మాంగ్‌దెచ్చు దగ్గరికి వచ్చేసరికి గ్రాంటు 30కి దిగింది, అప్పు 70కి ఎక్కింది. వాళ్లకు మిగిలిన కరెంటు మనమే కొంటాం, ఆ రాబడిలోంచే మన బాకీ తీరుస్తారు.

2025-26 బడ్జెట్‌లో విదేశాంగ శాఖ ద్వారా ఇతర దేశాలకు ఇచ్చే సాయం 5,483 కోట్లు. కేంద్ర బడ్జెట్ మొత్తం 50 లక్షల కోట్ల పైమాట. నూరు రూపాయల్లో పదకొండు పైసలన్నమాట. అందులోనూ 2,150 కోట్లు భూటాన్ ఒక్కదానికే. ఆఫ్రికా ఖండం మొత్తానికి 225 కోట్లు.

ఇథియోపియాలాంటి అప్పులకు దారి వేరు. ఎగుమతి దిగుమతుల కోసం ఉన్న ప్రభుత్వ బ్యాంకు, ఎగ్జిమ్ బ్యాంకు, బయట సొమ్ము సేకరించి తక్కువ వడ్డీకి ఇస్తుంది, వడ్డీలో తేడా ప్రభుత్వం భరిస్తుంది. మామూలుగా 75 శాతం సరుకూ పనీ మన దేశంనుంచే తీసుకోవాలన్నది షరతు. మేము ట్రాక్టరు లోను ఇచ్చినప్పుడు రైతు చేతికి రూపాయి ఇచ్చేవాళ్లం కాదు, నేరుగా డీలరుకు పంపేవాళ్లం. ఇదీ అంతే. ఇక్కడి కంపెనీ ఖాతాలో డబ్బు పడుతుంది, అక్కడికి యంత్రం వెళుతుంది, బాకీ వాళ్ల పేరున ఉంటుంది.

బాయిలర్‌మనిషి:
రాయుడుగారూ, ట్రాక్టరు వచ్చింది సరే, దున్నడానికి పొలం సిద్ధంగా లేకపోతే?

తూర్పు ఆఫ్రికాలో ఇలాంటి అప్పుతో కట్టిన ఒక పంచదార మిల్లులో మూడేళ్లు ఉన్నాను. పేరు చెప్పను. మిల్లు కట్టడం మన కంపెనీ వంతు, కాలువా చెరకు తోటా అక్కడి ప్రభుత్వం వంతు. నేను వెళ్లేసరికి తోటలో చెరకు పూత వేసి నిలువునా ఎండుతోంది, మిల్లు ఇంకా తిరగలేదు. మిల్లు తిరిగే వేళకు నరకడానికి సరిపడా చెరకు లేదు. ఒకసారి ఆవిరి వాల్వు పోయింది. షరతు ప్రకారం కొత్తది ఇండియానుంచే రావాలి. ఓడలో రేవుకు, రేవునుంచి లారీలో మా గేటుకు నాలుగు నెలలు. ఈలోగా అప్పు గడువు మాత్రం ఆగదు కదా. టెండరుకు వచ్చేవి మన కంపెనీలే కాబట్టి ఆలస్యమైందని గట్టిగా అడిగే చనువూ అక్కడి ప్రభుత్వానికి తక్కువే. గేటు పక్కన స్నేహానికి గుర్తుగా రెండు దేశాల జెండాలు వేసిన బోర్డు ఒకటి ఉండేది. రోజూ దాన్ని చూస్తూ లోపలికి వెళ్లేవాడిని. మూడో ఏటికి మన జెండాలో కాషాయం రంగు ఎండకు పూర్తిగా వెలిసిపోయింది.

కాలువగట్టు:
పదకొండు పైసల లెక్క అబ్బాయి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. బాయిలర్‌గారూ, మీ మిల్లు కథ వింటుంటే మా కల్వర్టు కాంట్రాక్టరే అక్కడికీ వెళ్లాడేమో అనిపిస్తోంది.

పాసుపుస్తకం:
అన్నయ్యగారూ, మీరంతా కోట్లలో మాట్లాడుతున్నారు. నాకు తెలిసింది ఒక పూట సంగతి.

1964నుంచి ‘ఐటెక్’ అని ఒక పథకం నడుస్తోంది. 160 దేశాలనుంచి ఉద్యోగులను పిలిచి, విమాన టికెట్టుతో సహా ఖర్చులు మన ప్రభుత్వమే పెట్టుకుని శిక్షణ ఇస్తుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలోనూ ఆ తరగతులు జరుగుతాయి. మా అత్తయ్య గ్రామ సమాఖ్య అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు అలా వచ్చినవాళ్లు పొదుపు సంఘాలను చూడటానికి మా ఊరు వచ్చారు. సామియానా, అరటిపళ్లు, బొట్టు. ఘనాలోనుంచి వచ్చిన ఆయన ఎంత పొడగరి అంటే, బొట్టు పెట్టించుకోవడానికి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

మలావీనుంచి వచ్చినావిడ మాత్రం పాసుపుస్తకాలు తిరగేసి, “ఎవరైనా కట్టకపోతే?” అని అడిగింది. “పదిమందిమీ వెళ్లి వాళ్ల అరుగు మీద కూర్చుంటాం. అన్నం తినమన్నా లేవం” అంది అత్తయ్య. దుబాసీ అమ్మాయి అరుగుకు మాట దొరక్క చేత్తో మా వీధి అరుగు చూపించింది. ఆవిడ పడీపడీ నవ్వింది. వాళ్ల దేశంలో ఆడవాళ్లు నడుపుకునే పొదుపు సంఘాన్ని ‘బంకి మ్‌ఖోండే’ అంటారట. అరుగు మీది బ్యాంకు అనే దాని అర్థం. అక్కడ ఏడాది తిరిగేసరికి పొదుపూ వడ్డీ అంతా పంచేసుకుని మళ్లీ మొదలుపెడతారు. మా డబ్బు ఏళ్ల తరబడి సంఘంలోనే తిరుగుతుంది, చేతికి రాదు. ఆవిడ మన పద్ధతి రాసుకుంది. మావాళ్లు ఆవిడ పద్ధతి రాసుకోలేదు కానీ వారం రోజులు దాని గురించే వాదించుకున్నారు.

చివరికి ఆ ఏడు వడ్డీ మిగులు సంక్రాంతికి ముందే పంచుకున్నాం. తీర్మానాల పుస్తకంలో ‘మలావీ పద్ధతి’ అని నేనే రాశాను. తర్వాత తనిఖీకి వచ్చిన ఆయన ఆ పేజీ దగ్గర ఆగి, ఇది ఏ బ్యాంకు పథకం అని అడిగాడు.

“ఈ బ్యాంకుదే, కూర్చోండి సారూ” అని అత్తయ్య అరుగు మీద చాప వేసింది.