ఉక్రెయిన్ యుద్ధం కొరియాలా ఆగుతుందా, ఇరాన్–ఇరాక్‌లా సాగుతుందా?

గోదారి కుర్రాడు:
2022 ఫిబ్రవరి 24న మొదలైనప్పుడు కీవ్ రోజుల్లో పడిపోతుందన్నారు, ఏళ్లు గడిచినా పడలేదు. ఇది కొరియా యుద్ధంలాగే ఆగుతుందని నా లెక్క. శాంతి ఒప్పందం ఏమీ ఉండదు, సైన్యాలు ఎక్కడుంటే అక్కడే గీత గీసేస్తారు. 1953 జులై 27న పన్‌ముంజోంలో జరిగింది అదే, తర్వాత దక్షిణ కొరియా ఎంత ఎదిగిందో చూడండి. ఐదో వంతు భూమి పోయినా ఉక్రెయిన్ మిగిలింది కాపాడుకుంటే చాలు.

మొండిఘటం:
అన్నా, కొరియా కథ అందరూ సగమే చెబుతారు. చర్చలు మొదలైంది 1951 జులైలో, సంతకాలకి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ ఫ్రంట్ పెద్దగా కదల్లేదు, చావులు మాత్రం ఆగలేదు, ఎందుకంటే యుద్ధఖైదీలని ఇష్టం లేకున్నా వెనక్కి పంపాలా అన్న దగ్గర పీటముడి పడింది. 1953 మార్చిలో స్టాలిన్ పోయాక గానీ అది వీడలేదు. పైగా ఆ గీతకి కాపలాగా అమెరికా సైన్యం అక్కడే ఉండిపోయింది, రక్షణ ఒప్పందం కూడా అదే ఏడాది చేసుకున్నారు. ఉక్రెయిన్‌కి ఆ హామీ ఎవరిస్తారు? నాటోలో చేరకూడదన్నది మాస్కో ప్రధాన షరతు. గట్టి హామీ లేని కాల్పుల విరమణ ఏమవుతుందో తూర్పు ఉక్రెయిన్‌లో పోరు ఆపడానికి చేసుకుని నిలవని 2014, 2015 మిన్‌స్క్ ఒప్పందాల్లో చూశాం.

నాకు ఇరాన్–ఇరాక్ దగ్గరగా అనిపిస్తుంది. 1980లో సద్దాం దాడి చేశాడు, 1982 మేలో ఇరాన్ తన ఖుర్రంషహర్ నగరాన్ని తిరిగి పట్టుకుంది. అక్కడితో ఆపేసుంటే పరువుగా బయటపడేది. సద్దాంని దించాలని ఇరాక్‌లోకి వెళ్లింది, ఇంకో ఆరేళ్లు కందకాలు, విషవాయువులు, నగరాల మీద మిసైళ్లు. 1988 ఆగస్టులో ఆగేసరికి సరిహద్దు దాదాపు ఉన్నచోటే ఉంది. యుద్ధం ఆపమన్న భద్రతా మండలి 598వ తీర్మానం 1987లోనే వచ్చింది, కానీ ఇరాక్‌లో తాను పట్టుకున్న ఫావ్ చేజారాక గానీ ఇరాన్ అధినేత ఖొమేనీ విషం తాగినట్టుందంటూ ఒప్పుకోలేదు. వచ్చే ఏడాది మనదే అన్న ఆశ ఉన్నన్నాళ్లూ ఎవరూ ఆపరు. పశ్చిమ దేశాలు విసిగిపోతాయని పుతిన్, రష్యా ఖజానా ఖాళీ అవుతుందని కీవ్ ఎదురుచూస్తున్నాయి.

కరీంనగర్ సుమ:
ఇరాన్ పోలిక తిరగేసి పెట్టారండీ. అక్కడ 1982 తర్వాత ఆపకుండా లాగింది దాడికి గురైన దేశం, ఇక్కడ లాగుతున్నది దాడి చేసినవాడు. 2022 సెప్టెంబర్‌లో ఉక్రెయిన్‌లోని నాలుగు ప్రాంతాలు మావేనని పుతిన్ ప్రకటించుకున్నాడు, అందులో ఖేర్సన్ నగరాన్ని నవంబర్‌కే వదులుకున్నాడు, జపోరిజియా నగరం అసలు చేతికే చిక్కలేదు. ఇక గీత ఎక్కడ గీస్తారు?

డబ్బు కంటే ముందు మనుషుల కొరతే తేలుస్తుందేమో. ఉక్రెయిన్ 2024లో సైన్యంలోకి పిలిచే వయసు 27 నుంచి 25కి దించింది, రష్యా తన కుర్స్క్ ప్రాంతానికి ఉత్తర కొరియా సైనికులని తెచ్చుకుంది. ఏజెంట్ల మాట నమ్మి రష్యా వెళ్లి దాని సైన్యంలో చిక్కిన హైదరాబాద్ కుర్రాడు చనిపోయాడని 2024 మార్చిలో మన ఎంబసీయే చెప్పింది కదా.

గోదారి కుర్రాడు:
సరేనండీ, కొరియా వదిలేద్దాం. ఫిన్లాండ్? 1940 మార్చిలో తన కరేలియా ప్రాంతాన్ని రష్యాకి (అప్పటి సోవియట్‌కి) ఇచ్చేసింది, దేశం నిలబడింది, ఎవరి హామీ లేకుండానే.

మొండిఘటం:
అన్నా, పదిహేను నెలలకే, 1941 జూన్‌లో, ఫిన్లాండ్ జర్మనీ పక్కన చేరి అదే రష్యాతో మళ్లీ యుద్ధంలో ఉంది. 1944లో ఆగినప్పుడు కరేలియా మళ్లీ పోయింది, ఈసారి ఉత్తరాన ఉన్న పెట్సమో ప్రాంతం కూడా.