పవర్ విండో స్విచ్ పదేపదే పోతోంది: మార్చాల్సింది స్విచ్చా, చానల్ రబ్బరా?

గోదావరి_గట్టు, రాజమహేంద్రవరం:
2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ నాది. డ్రైవర్ వైపు అద్దం కిందికి బాగానే దిగుతుంది. పైకి మాత్రం ఆగి ఆగి వస్తుంది, ఒక్కోసారి అసలు కదలదు. చేత్తో పైకి లాగుతూ బటన్ ఎత్తితే వస్తుంది. పోయిన వేసవిలో ఇదే గొడవ అయితే గ్యారేజీలో మాస్టర్ స్విచ్ (డ్రైవర్ డోర్ మీద అన్ని అద్దాలకూ ఉండే బటన్ల సెట్టు) మార్చారు. ఏడాది తిరక్కముందే మళ్లీ మొదలైంది. ఇప్పుడు ఒకరు ఇంకో స్విచ్ వెయ్యమంటున్నారు, ఒకరు స్ప్రే కొట్టి శుభ్రం చేస్తే చాలంటున్నారు, మూడో ఆయన స్విచ్ తప్పే లేదు, అద్దం జారే గాడిలోని చానల్ రబ్బరు దాన్ని బిగించేసిందంటున్నారు. వానలు దగ్గరపడ్డాయి. అద్దం సగంలో ఆగిపోతుందేమోనని కారు బయటకు తీయాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

సిటీ_లిమిట్స్, హైదరాబాద్:
ఒరిజినల్ స్విచ్ వేయించుకోండి అన్నా, అయిపోతుంది. బయట దొరికే చవక స్విచ్‌లలో కాంటాక్టులు (లోపల ఒకదానికొకటి తగిలి కరెంటు కలిపే లోహపు ముక్కలు) పల్చగా ఉంటాయి, ఏడాది కూడా ఆగవు. మీకు పోయినసారి వేసింది అలాంటిదే అయ్యుంటుంది. స్విచ్ అనేది అరిగిపోయే వస్తువే కదా, బ్రేక్ ప్యాడ్ మార్చినట్టే మార్చుకోవాలి.

కరెంటు_పని, వరంగల్:
సిటీ_లిమిట్స్ గారూ, చవక స్విచ్ గురించి మీరన్నది నిజమే. కానీ బ్రేక్ ప్యాడ్ అరగడానికే పుట్టింది, స్విచ్ అలా కాదు. నేను ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను. కాలిన మాస్టర్ స్విచ్ నా బల్ల మీదికి వచ్చిందంటే, దానంతట అదే కాలిపోవడం తక్కువ. ఎక్కువసార్లు దాన్ని కాల్చిన మనిషో వస్తువో వేరే ఉంటుంది.

ఈ వయసు కార్లలో చాలావాటికి స్విచ్ నేరుగా మోటారు కరెంటునే మోస్తుంది. మోటారుకు రెండే వైర్లు. ఏమీ నొక్కనప్పుడు ఆ రెండూ స్విచ్ లోపల ఎర్త్‌కే, అంటే కారు బాడీకి వెళ్లే వైరుకే తగిలి ఉంటాయి. బటన్ పైకి ఎత్తితే ఒక వైరు ఎర్త్ వదిలి 12 వోల్టులకు తగులుతుంది, రెండోది ఎర్త్ మీదే ఉండిపోతుంది. కిందికి నొక్కితే ఇదే తిరగబడుతుంది. అంటే అద్దం పైకి వెళ్లేటప్పుడు కరెంటు ‘పైకి’ కాంటాక్టు గుండా వెళ్లి, కదలకుండా కూర్చున్న ‘కిందికి’ కాంటాక్టు గుండా ఎర్త్‌కు చేరుతుంది. దిగుతుంది కానీ ఎక్కదు అంటే అందరూ ‘పైకి’ వైపే తప్పు వెతుకుతారు. కూర్చుని ఉన్న రెండో కాంటాక్టులో మసి పట్టినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

ఇక కరెంటు సంగతి. అద్దం దారి శుభ్రంగా ఉంటే చిన్న కార్లలో మోటారు 5 నుంచి 8 ఆంపియర్లు లాగుతుంది. చానల్ రబ్బరులో దుమ్ము గడ్డకట్టి, రబ్బరు ఎండి అద్దాన్ని పట్టేస్తే 10 దాటుతుంది. అద్దం పైన తగిలాక కూడా బటన్ పట్టుకునే ఉంటే, తిరగని మోటారు 20 ఆంపియర్ల దాకా గుంజుతుంది. అప్పుడు చెయ్యి తీశారనుకోండి, అంత కరెంటును తెంచాల్సింది ఆ చిన్న కాంటాక్టే. తెగే చోట నిప్పురవ్వ లేస్తుంది. ఒక్కో రవ్వకు లోహం రవ్వంత కరిగి గుంట పడుతుంది, చుట్టూ మసి చేరుతుంది. ఇలా కాంటాక్టులో 0.2 ఓమ్ నిరోధం ఏర్పడి, దాని గుండా 10 ఆంపియర్లు వెళ్లాయంటే 2 వోల్టులు అక్కడే పోతాయి. 20 వాట్ల వేడి ఆ ప్లాస్టిక్ డబ్బాలోనే పుడుతుంది. మా బల్ల మీద సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. మీరే లెక్క వేసుకోండి.

అక్కడినుంచి అదో విషచక్రం. వోల్టేజి తగ్గితే మోటారు బలం తగ్గుతుంది, అద్దం నెమ్మదిస్తుంది, నెమ్మదించిన మోటారు ఇంకా ఎక్కువ లాగుతుంది, కాంటాక్టు ఇంకా కాలుతుంది. బిగుసుకున్న చానల్‌ను అలాగే ఉంచి కొత్త స్విచ్ వేశారంటే మొదటి రోజు నుంచే దాన్ని కాల్చడం మొదలుపెట్టినట్టు. అద్దాన్ని చేత్తో సాయం పడితే వస్తోందని గోదావరి_గట్టు గారే రాశారు. నాకైతే అదే పెద్ద ఆధారం.

విశాఖ_అలలు:
చానల్ మాట ఒప్పుకుంటాను గానీ అన్నిటికీ చానలే అంటే ఒప్పుకోను. మాది బీచ్‌కు దగ్గర. మా వైపు పోయే స్విచ్‌లు విప్పి చూస్తే కాలిన గుంటల కన్నా పచ్చటి చిలుమే ఎక్కువ. ఉప్పుగాలి, తడి. అద్దం సగం దించి వానలో మర్చిపోతే నీళ్లు నేరుగా ఆర్మ్‌రెస్ట్ మీదున్న మాస్టర్ స్విచ్‌లోకే పోతాయి.

ఇదేదో మా ఊరి బాధే అనుకోకండి. 2010 జనవరిలో హోండా ప్రపంచవ్యాప్తంగా సుమారు 6.46 లక్షల ఫిట్, జాజ్, సిటీ కార్లను వెనక్కి పిలిచింది. డ్రైవర్ కిటికీ నుంచి పడ్డ నీళ్లు మాస్టర్ స్విచ్‌లో చేరి, అది వేడెక్కి మంటలు రావచ్చన్నదే కారణం. అంతకుముందు ఏడాది దక్షిణాఫ్రికాలో ఇలాంటి కారులో మంటలు వచ్చి ఒక పసిపాప చనిపోయింది. ఆ రీకాల్‌లో మన దేశంలో అమ్మిన సిటీ కార్లు కూడా ఉన్నాయి. అందుకే స్విచ్ సంగతి చిన్నదిగా తీసుకోకూడదు. తడిసిన స్విచ్‌ను ఆరబెట్టి సరిపెట్టుకోవడం కూడా నాకు నచ్చదు.

చేతిపని_మావయ్య, తెనాలి:
ఇన్ని లెక్కలు ఎందుకు బాబూ. డోర్ ప్యాడ్ విప్పడం, స్విచ్ తీయడం, పాలిష్ పేపర్‌తో కాంటాక్టులు రుద్దడం, డబ్ల్యూడీ-40 కొట్టి బిగించడం. నా పాత కారుకు ఎన్నో ఏళ్లుగా ఇలాగే నడుస్తోంది. వేలు పోసి కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు. పని చేసే వస్తువును పారేయడం నాకు మనసొప్పదు.

కరెంటు_పని, వరంగల్:
మావయ్య గారూ, బాగుచేసుకుని వాడాలన్న మీ మాటకు నా ఓటు. స్ప్రే దగ్గరే మీతో పేచీ. డబ్ల్యూడీ-40 కాంటాక్టుల కోసం చేసిన మందు కాదు, ఆరాక పల్చని నూనె పొర మిగులుతుంది. రవ్వలు లేచే చోట నూనె ఉంటే అది మాడి మసి అవుతుంది, దుమ్మునూ పట్టుకుంటుంది.

ఇందుకు పెద్ద ఉదాహరణ 2012 అక్టోబరు నాటి టయోటా రీకాల్. ప్రపంచం మొత్తం మీద 74.3 లక్షల కార్లు. లోపం డ్రైవర్ వైపు పవర్ విండో మాస్టర్ స్విచ్‌లోనే. తయారీలో లోపలి గ్రీజు సమంగా పూయకపోవడంతో స్విచ్ పట్టేయడం, గట్టిగా నొక్కితే వేడెక్కి పొగ రావడం. రిపేరుగా చేసింది వేడికి తట్టుకునే ప్రత్యేకమైన ఫ్లోరిన్ గ్రీజు పూయడం. దాంతోపాటు బజారులో దొరికే లూబ్రికెంట్లు స్విచ్‌లో కొట్టవద్దని, కొడితే స్విచ్ కరిగి మంటలు రావచ్చని కంపెనీయే హెచ్చరించింది. మళ్లీ 2015 అక్టోబరులో మరో 65 లక్షల కార్లకు ఇదే స్విచ్ గురించి రీకాల్. ఈసారి గ్రీజు తేడాతో కాంటాక్టులు అరిగి, రాలిన లోహపు పొడి పేరుకోవడం, దానికి తడి తోడైతే షార్ట్ అవడం. అరచేతిలో పట్టే వస్తువుకు రెండుసార్లు కలిపి కోటీ ముప్ఫై లక్షలకు పైగా కార్లు!

రుద్దడం గురించి కూడా ఒక మాట. కాంటాక్టు వెండి రివెట్ అయితే దళసరిగా ఉంటుంది. సన్నటి పేపర్‌తో రెండుమూడు సార్లు తుడిచినా తట్టుకుంటుంది. రాగి మీద వెండి పూత మాత్రమే ఉంటే ఒక్కసారి గట్టిగా రుద్దితే పూత పోయి రాగి బయటపడుతుంది, ఇక అది నెలల్లోనే నల్లబడుతుంది. మీ కారులో రివెట్ ఉండి ఉంటుంది, అందుకే ఇన్నేళ్లు నిలిచింది. గోదావరి_గట్టు గారికి వేసిన స్విచ్‌లో ఏముందో విప్పకుండా చెప్పలేం.

చేతిపని_మావయ్య, తెనాలి:
రివెట్టే. బొడిపెలా పైకి కనబడుతుంది. నూనె స్ప్రే మాట విన్నాను, మరి దేనితో కడగాలి?

కరెంటు_పని, వరంగల్:
ఆరిపోయే కాంటాక్ట్ క్లీనర్, లేదంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. బ్యాటరీ వైరు తీసి కడగండి, పూర్తిగా ఆరాకే బిగించండి. ఆల్కహాల్, చాలా క్లీనర్లూ మండే స్వభావం ఉన్నవే.

సర్క్యూట్_సుధ, బెంగళూరు:
ఇక్కడ అందరూ ఒకే రకం స్విచ్ గురించి మాట్లాడుతున్నారు. అద్దానికి ఏదైనా అడ్డం తగిలితే దానంతట అదే వెనక్కి దిగే కార్లు ఉన్నాయి కదా, వాటిలో చాలావాటికి స్విచ్ మోటారు కరెంటును మోయదు. పైకి, కిందికి, ఆటో అనే కబురు మాత్రమే పంపుతుంది. మోటారును తిప్పేది డోర్‌లోని మాడ్యూల్ అనే ఎలక్ట్రానిక్ డబ్బా. స్విచ్ గుండా వెళ్లేది మిల్లీ ఆంపియర్లే.

అలాంటి స్విచ్ కాలిపోదు. దాని జబ్బు వేరు. కరెంటు మరీ తక్కువ కాబట్టి కాంటాక్టు మీద పట్టిన సన్నటి పొరను చీల్చుకుని వెళ్లలేదు. చిందిన టీ, చేతి జిడ్డు, తడి చాలు అది మొండికేయడానికి. అక్కడ క్లీనర్‌తో కడగడం నిజంగా పనిచేస్తుంది, ఎందుకంటే లోహం దెబ్బతినలేదు, మురికి మాత్రమే పట్టింది. చానల్ బిగుసుకుంటే ఈ కార్లలో స్విచ్ బాగానే ఉంటుంది. అద్దమే పైదాకా వచ్చి, అడ్డం ఏదో తగిలిందనుకుని వెనక్కి దిగిపోతుంది. అది చూసి స్విచ్ మార్చేసినవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు.

కాబట్టి ‘శుభ్రం చేయాలా, మార్చాలా’ అన్న ప్రశ్నకు ముందు, స్విచ్ కరెంటును మోస్తుందా, కబురు మోస్తుందా అని తేల్చాలి. వెనక కనెక్టరులో లావు వైర్లు ఉంటే మొదటిది. అన్నీ దారాల్లా ఉంటే రెండోది.

సిటీ_లిమిట్స్, హైదరాబాద్:
సరే, చానల్ పట్టేస్తోందనే అనుకుందాం. అలాంటప్పుడు రిలేలు (చిన్న కరెంటు అందితే పెద్ద కరెంటును కలిపే విడి స్విచ్‌లు) పెట్టించుకుంటే పోదా? ఒక్కో అద్దానికి రెండు రిలేలు. రిలే కాయిల్ 0.2 ఆంపియర్ల లోపే తీసుకుంటుంది. భారం రిలే మోస్తుంది, స్విచ్ కాలనే కాలదు. మా ఫ్రెండ్ ఇలాగే చేయించాడు.

కరెంటు_పని, వరంగల్:
లెక్క సరైనదే, పని కూడా చేస్తుంది. నేనే కొన్ని పాత కార్లకు పెట్టాను. అయినా గోదావరి_గట్టు గారికి అది చెప్పను. చానల్ బిగుసుకునే ఉంటే రిలే కాంటాక్టు, మోటారు, అద్దాన్ని ఎత్తి దించే మిషన్ కేబుల్ వరసగా దెబ్బతింటాయి. జబ్బును ఒక చోటినుంచి ఇంకో చోటికి తోయడమే అది. పైగా ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగేసే పనులు నేను చాలా చూశాను. డోర్ తెరిచి మూసే చోట ఆ వైరు ఒరుసుకుని తెగితే ఏమవుతుందో వేరే చెప్పాలా.

సిటీ_లిమిట్స్, హైదరాబాద్:
ఫ్యూజుతో చేస్తే తప్పేముందని నా అభిప్రాయం ఇప్పటికీ అదే. పాత కార్లకు ఒరిజినల్ స్విచ్ దొరకడమే మానేసింది.

గోదావరి_గట్టు, రాజమహేంద్రవరం:
అందరికీ ధన్యవాదాలు. కనెక్టరు వెనక లావు వైర్లే ఉన్నాయి. కొనేముందు కొలిచి చూసుకోవాలంటే మల్టీమీటర్‌తో ఎక్కడ పెట్టాలి? మా తమ్ముడి దగ్గర మీటరు ఉంది.

కరెంటు_పని, వరంగల్:
ఇంజిన్ ఆన్ చేసి ముందు బ్యాటరీ దగ్గర చూడండి. 14కు అటూ ఇటూ ఉండాలి. తర్వాత డోర్ ప్యాడ్ తీసి, మోటారు కనెక్టరు పెట్టే ఉంచి, వెనకనుంచి రెండు పిన్నుల మధ్య కొలవండి. అద్దం పైకి కదులుతున్నప్పుడే కొలవాలి, ఊరికే ఉన్నప్పుడు కొలిస్తే ఏమీ తెలియదు. అక్కడ బ్యాటరీ కన్నా ఒక వోల్టు తక్కువ ఉన్నా పర్వాలేదు. అంతకన్నా ఎక్కువ పోతుంటే ఎక్కడ పోతోందో చూడాలి. నల్ల ప్రోబ్ బాడీ ఇనుముకు, ఎర్ర ప్రోబ్ మోటారు ఎర్త్ వైపు వైరుకు. ఆ తర్వాత ఎర్ర ప్రోబ్ స్విచ్ ఎర్త్ పిన్నుకు.

గోదావరి_గట్టు, రాజమహేంద్రవరం:
కొలిచాం. బ్యాటరీ 13.9. మోటారు దగ్గర 11.1. మోటారు ఎర్త్ వైపు వైరు నుంచి బాడీకి 2.0. స్విచ్ ఎర్త్ పిన్ను నుంచి బాడీకి 0.1. అద్దం అంచు పట్టుకుని చూస్తే ముందువైపు చానల్ రబ్బరు గట్టిపడి, పై అంచు దగ్గర మడతపడి ఉంది.

కరెంటు_పని, వరంగల్:
అయితే పోతున్న 2.8లో 1.9 స్విచ్ లోపల, ఎర్త్ వైపే పోతోంది. కూర్చుని ఉన్న ‘కిందికి’ కాంటాక్టు అన్నమాట. స్విచ్ దెబ్బతిన్నది నిజం, దాన్ని దెబ్బతీసింది ఆ మడత.

ముందు ఆ రబ్బరు మార్పించండి. మిగతా చానల్‌ను తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. నూనె, గ్రీజు మాత్రం రబ్బరుకు తగలనివ్వకండి, ఉబ్బిపోతుంది. బటన్ పట్టుకోకుండా, కనెక్టరు తీసి, మిషన్ నుంచి అద్దం విడదీసి చేత్తో పైకీ కిందికీ జరిపి చూడండి. ఎక్కడా పట్టకుండా జారితేనే స్విచ్ సంగతికి రండి. అప్పుడు విప్పి చూసి, రివెట్ కాంటాక్టయితే శుభ్రం చేసుకోండి, పూత కాంటాక్టయితే కొత్తది కొనండి. అద్దం పైన తగలగానే చెయ్యి తీసేయమని ఇంట్లో కారు నడిపే అందరికీ చెప్పండి.

విశాఖ_అలలు:
డోర్ ప్యాడ్ విప్పారు కాబట్టి లోపల అతికించిన ప్లాస్టిక్ షీటు చిరగకుండా మళ్లీ అంటించండి. అది లేకపోతే వాన నీళ్లు ప్యాడ్ లోపలికి, అక్కడినుంచి వైర్లలోకి వస్తాయి. గ్యారేజీల్లో దాన్ని చింపి పారేస్తుంటారు, దగ్గరుండి చూసుకోండి.