నాడా మళ్లీ కొట్టియ్యాల్నా, వద్దా? లామినైటిస్ (గిట్ట లోపలి వాపు జబ్బు) వచ్చిన పెండ్లిగుర్రం గురించి

దేవరకొండ బిడ్డ
మాది బరాత్‌లకు గుర్రం తోలే ఇల్లు. మా ఆడగుర్రానికి పదేండ్లు. పోయిన నెల ఒక పెండ్లిల వంటల కాడ కట్టేసిన్రు. ఎవరో బగార అన్నం, లడ్డూలు ఒక గంపెడు ముందల పోసిన్రు. రెండో దినం పొద్దుగాల అడుగు పడ్తలేదు. ముందటి కాళ్లు రెండూ చాపి, బరువంత ఎనుక కాళ్ల మీదేసి నిలవడ్డది. గిట్ట ముట్టుకుంటే కాలుతుండె. డాక్టర్ వచ్చి లామినైటిస్ అన్నడు. సూదులిచ్చి, నాడాలు పీకించి, ఇసుకల ఉంచుమన్నడు. ఇప్పుడు జర నయం, గడ్డి కాడికి తనంతట తనే పోతున్నది. మా ఊర్ల నాడాలు కొట్టే పెద్దాయన ఏమంటడంటే, "ఒట్టి గిట్ట అరిగిపోతది, తోలు పెట్టి నాడా కొడ్త, దినాం ఇంత దూరం నడిపియ్యి, రక్తం ఆడ్తది". శ్రావణంల ముహూర్తాలున్నయ్, బయానాలు తీసుకున్నం. తెలిసినోళ్లు చెప్పున్రి.

జడ్చర్ల నాడాల ఇంటోడు
పెద్దాయన మాట కొట్టిపారెయ్యకు అన్నా. మా తాత, మా నాయిన ఇదే పని చేసిన్రు. మన దిక్కు నేల సంగతి నీకు తెల్వదా? చల్క దాటితే గుట్టరాళ్లు, కంకర తేలిన బాటలు, ఊర్లకొస్తే సీసీ రోడ్లు. ఒట్టి గిట్టతోని తోలితే అంచులు పెచ్చులూడుతయ్. అడుగు పల్చవడ్డ గుర్రానికి తోలు మీద నాడా కొడితే రాయి గుచ్చుకోదు, ఇది నేను కండ్లార చూసిన. అయితే దినాం నడిపియ్యమన్నదానికి మాత్రం నేను ఒప్పుకోను.

పశువైద్యురాలు, నల్లగొండ
ముందు లోపల ఏం జరిగిందో చూద్దాం. అన్నం, తీపి ఒక్కసారే ఎక్కువగా తింటే ఆ పిండిపదార్థం పెద్దపేగులోకి చేరి పులుస్తుంది, అక్కడి విషాలు రక్తంలో కలుస్తాయి. గిట్ట గోడను లోపలి ఎముకకు పట్టి ఉంచే పొరలు వాచి, పట్టు సడలుతాయి. వెనక నుంచి స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టే తాడులాంటిది) లాగుతూనే ఉంటుంది కాబట్టి ఎముక మొన కిందికి వంగి అరికాలి మీద ఒత్తుతుంది. గుర్రం వెనక్కి వాలి నిలబడేది ఆ మొన మీద బరువు పడకుండా.

మామూలు నాడా గుర్రం బరువంతా గిట్ట గోడ మీదే మోపుతుంది. ఇప్పుడు దెబ్బతిన్నది సరిగ్గా ఆ గోడ పట్టే. మేకు కొట్టే ప్రతి దెబ్బా లోపలికి తగులుతుంది. అందుకే నాడా తీసి, అరికాలంతా బరువు పంచుకునేలా లోతుగా ఇసుక పరుస్తాం, లేదా మందపాటి థర్మాకోల్ ముక్క కోసి గిట్టకు టేపుతో చుడతాం. నడిపిస్తే సడలిన పొరలు ఇంకా చినుగుతాయి. "రక్తం ఆడుతుంది" అన్న మాట నమ్మి నడిపిస్తే గుర్రం చెయ్యి దాటిపోతుంది.

అలాగని నాడా ఎప్పటికీ వద్దని కాదు. నొప్పి తగ్గి, ఎక్స్‌రేలో ఎముక ఎంత వంగిందో, అరికాలు ఎంత మందం మిగిలిందో తెలిశాక, గిట్ట వెనకభాగానికి ఆసరా ఇచ్చే రకం నాడా చాలా గుర్రాలకు మేలు చేస్తుంది. గిట్ట గోడ నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లే పెరుగుతుంది. ముందుభాగం పూర్తిగా కొత్తది రావడానికి దాదాపు ఏడాది. శ్రావణం మాట మరిచిపోండి.

మిర్యాలగూడ నుంచి
మేడం, ఏడాది కూసోబెడ్తే ఇల్లెట్ల గడుస్తది? నొప్పి తెల్వకుంట సూది ఏపిచ్చి ఒక్క గంట బరాత్ తోలేటోళ్లు చానమంది ఉన్నరు. కార్పెట్ మీద మెల్లగ నడిపిస్తే ఏమైతది?

పశువైద్యురాలు, నల్లగొండ
చాలా అవుతుంది. నొప్పి తెలియని గుర్రం ఆ మొన మీదే పూర్తి బరువు వేస్తుంది. పైన పెళ్లికొడుకు, చుట్టూ డప్పులు, డీజే. ఎముక అరికాలిని చీల్చుకుని బయటికొస్తే ఆ తర్వాత బాధ లేకుండా ప్రాణం తీయడం తప్ప దారి ఉండదు. మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది, కానీ ఆ సూది మాత్రం నేను వెయ్యను, వెయ్యమని ఎవరికీ చెప్పను.

జడ్చర్ల నాడాల ఇంటోడు
సూది సంగతిల మేడం మాటే నా మాట. మరి ఉలవలు? మా ఇంట్ల బీమారున్న గుర్రానికి ఉలవలు, బెల్లం పెట్టి లేపేటోళ్లు.

పశువైద్యురాలు, నల్లగొండ
ఈ జబ్బులో ఉలవలు, బెల్లం, తవుడు అన్నీ బంద్. ఎండుగడ్డే పెట్టండి. దాన్ని ఒక గంట నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోస్తే తీపి కొంత పోతుంది. పస్తు మాత్రం పెట్టొద్దు, అది వేరే ప్రమాదం. 300 కిలోల గుర్రానికి రోజుకు కనీసం నాలుగున్నర కిలోల ఎండుగడ్డి.

రోజూ పొద్దున గిట్ట పైన, కాలి మడత దగ్గర రెండు పక్కలా వేళ్లు పెట్టి చూడండి. నాడి దబదబ కొట్టుకుంటుంటే, గిట్ట మళ్లీ వేడెక్కితే, ఐసు నీళ్లలో మోకాలి దాకా నిలబెట్టి వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చెయ్యండి. ఐసు పనిచేసేది మొదటి రెండు మూడు రోజుల్లోనే. నొప్పి మాత్రలు మీ అంతట మీరు పెంచొద్దు, కడుపులో పుండ్లు పడతాయి. మేకు గాయమేదైనా ఉంటే ధనుర్వాతం సూది వేయించారో లేదో అడగండి.

దేవరకొండ బిడ్డ
బయానాలు వాపస్ ఇస్తున్న. ఒక పెండ్లికి మా మేనమామ గుర్రం తోలుతం. ఎక్స్‌రే కోసం రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల అడుగుత. అంత దూరం బండిల తీస్కపోవచ్చా?

పశువైద్యురాలు, నల్లగొండ
నొప్పి పూర్తిగా దిగాక, బండిలో మందంగా ఇసుక పోసి, మధ్యలో ఆపుకుంటూ వెళ్లండి. ముందు మీ డాక్టర్‌ను అడగండి, ఎక్స్‌రే మిషన్ ఇంటికే తెచ్చే వీలుంటే అదే మేలు.

జడ్చర్ల నాడాల ఇంటోడు
అన్నా, ఎక్స్‌రే వచ్చినంక మీ పెద్దాయనను, డాక్టర్‌ను ఒక్క కాడ కూసోబెట్టు. గిట్ట ముందట ఎంత కొయ్యాల్నో ఫిల్మ్ మీద గీత గీసి ఇయ్యమను. అప్పుడు పెద్దాయన చెయ్యి తప్పు పోదు. అరికాలు మందంగ ఉన్నదని తేలితే నాడా కొట్టియ్యాలె అన్న నా మాట మీద నేనుంట. మన బాటల మీద ఒట్టి గిట్ట ఆగదు.