డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు: ఊరి బయట ఇస్తే ఇచ్చినట్టేనా?

మూసీగట్టు:
హైదరాబాద్ శివారు కొల్లూరులో ప్రభుత్వం పేదలకిచ్చిన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లలో తాళాలు వేసి ఉన్నవాటిని వెనక్కి తీసుకోవాలని ఇక్కడ ఒకరు రాశారు. ఉండనివాళ్లకు ఆ ఇల్లు అవసరం లేనట్టేనట. నేను ఒప్పుకోను. 2023 జూన్‌లో ప్రారంభించిన ఆ సముదాయంలో 15,660 ఇళ్లున్నాయి. 560 చదరపు అడుగులు, రెండు పడకగదులు, లిఫ్టు. వంక పెట్టలేం. కానీ సికింద్రాబాద్‌లో నాలుగిళ్లలో పాచిపని చేసుకునే మనిషికి అది 30 కిలోమీటర్ల పైమాటే. ఆరింటికల్లా మొదటి ఇంట్లో గిన్నెలు తోమాలంటే ఏ బస్సెక్కి రావాలి? అందుకే తాళం వేసి, ముందునుంచీ ఉంటున్న బస్తీలోనే అద్దె కట్టుకుంటుంది.

లెక్కలమాస్టారు:
మరి ఎక్కడ కట్టమంటారండీ? కొల్లూరుకు రూ.1,489 కోట్లు, అంటే ఇంటికి సుమారు తొమ్మిదిన్నర లక్షలు అయింది. భూమి ప్రభుత్వానిది కాబట్టి అంతటితో పోయింది. అమీర్‌పేటలో ఎకరం కొని కట్టండి చూద్దాం. నగరానికి లక్ష ఇళ్లు అనుకున్నాక లక్ష ఇళ్లకూ చోటుండాలి కదా.

మూసీగట్టు:
కొనమని ఎవరన్నారు? ఈ పథకానికి నమూనాగా చూపించిందే సికింద్రాబాద్ బోయిగూడలోని ఐడీహెచ్ కాలనీ. పాత ఇళ్ల స్థానంలోనే 396 కట్టి 2015లో అక్కడివాళ్లకే ఇచ్చారు. పని వదులుకోనక్కర్లేదు, పిల్లల బడి మార్చనక్కర్లేదు. తర్వాత ఎక్కువ ఇళ్లు శివార్లకే పోయాయి.

లెక్కలమాస్టారు:
ఉన్నచోట కట్టాలంటే ముందు ఇల్లు ఖాళీ చేయాలి. కట్టేదాకా అద్దె ఎవరిస్తారు? ఖాళీ చేస్తే మళ్లీ రానివ్వరేమోనన్న భయంతో వెనక్కి తగ్గిన బస్తీలున్నాయి. ఆ భయం ఊరికే పుట్టలేదు.

కృష్ణలంక:
విజయవాడ నుంచి ఒక మాట. మా రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన పథకం కింద పట్టణాల్లో సెంటు స్థలం, ఇంటికి రూ.1.80 లక్షలు ఇచ్చారు. సెంటంటే 48 గజాలు. కొన్నిచోట్ల వానొస్తే మునిగే పల్లపు భూముల్లో లేఅవుట్లు వేశారు. ఇప్పుడు పట్టణాల్లో రెండు సెంట్లంటున్నారు. ఊరికి ఎంత దూరమో మాత్రం ఎవరూ చెప్పరు.

అద్దెఇంటివాడు:
ఇక్కడ తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లకు రూ.5 లక్షలు ఇస్తున్నారు, సొంత జాగా ఉంటే. హైదరాబాద్‌లో జాగా ఉన్న పేదవాళ్లు ఎందరుంటారు? నా పేరు ఎల్-2 జాబితాలో ఉంది, అంటే ఇల్లూ లేదు, జాగా లేదు. మీరు దగ్గరా దూరమా అని వాదించుకోండి. నా పని పటాన్‌చెరులో, నాకు కొల్లూరు చాలు. ఆ తాళాల్లో ఒకటి నాకివ్వండి.

మూసీగట్టు:
మీకు తప్పకుండా ఇవ్వాలి. పని ఎక్కడన్నది చూడకుండా కంప్యూటర్ లాటరీ తీయడమే అసలు తప్పు. కానీ ఆ పాచిపని మనిషి దగ్గర లాక్కుని కాదు. కొల్లూరు ఇల్లు తనంతట తాను తిరిగిచ్చినవాళ్లకు ఉన్నచోటే అద్దె సాయం ఇవ్వాలి. నెలకు నాలుగు వేలు చొప్పున ఇరవై ఏళ్లకు తొమ్మిది లక్షల అరవై వేలు. మాస్టారు చెప్పిన ఇంటి ఖర్చూ ఇంచుమించు అంతే.

లెక్కలమాస్టారు:
అద్దె ఇరవై ఏళ్లూ నాలుగు వేలే ఉంటుందా? ఏ యజమాని ఊరుకుంటాడు? పైగా ఇప్పుడు ఆ ఇల్లు ఆమె పేరు మీద ఉంది. మీ పద్ధతిలో ఇరవై ఏళ్లయ్యాక ఆమె చేతిలో అద్దె రసీదులు తప్ప ఏముంటుంది?