కానాగంత మొప్పల్లో ఉన్న పురుగు అదే గంపలోని కవళ్లకు ఎందుకు పట్టలేదు?

బెజవాడ జువాలజీ (ప్రశ్న)
విజయవాడ మార్కెట్లో కొన్న కానాగంతల మొప్ప మూత ఎత్తితే కొన్నింట్లో తెల్లటి ఐసోపాడ్ (రొయ్య, పీతల బంధువైన పరాన్నజీవి) ఉంటోంది, బొటనవేలి గోరంత. 20 చేపలు చూస్తే 4 చేపలకు ఉంది. అదే గంపలోని కవళ్లు 12 చూస్తే ఒక్కదానికే కనిపించింది. రెండూ గుంపులుగా తిరిగేవే, ఒకే వలలో పడ్డవే. పరాన్నజీవి ఒక జాతిని పట్టి ఇంకోదాన్ని వదిలేయడానికి కారణం ఏమిటి? ఎమ్మెస్సీ ప్రాజెక్టులో "కవళ్లకు పట్టదు" అని రాయొచ్చా?

మొప్పలూ పేలూ
కానాగంతల్లో తరచుగా కనిపించేది నోరిలెకా ఇండికా అనే ఐసోపాడ్ జాతి. మీ చేతిలోనిది అదేనో కాదో కాళ్లు, తోక పలకలు చూసి తేల్చుకోండి.

కారణం ఎక్కడుందో వెతకడానికి పరాన్నజీవుల శాస్త్రవేత్త క్లాడ్ కోంబ్స్ చెప్పిన రెండు జల్లెడలు బాగా పనికొస్తాయి. మొదటిది, పరాన్నజీవికి ఆ చేప అసలు ఎదురుపడుతుందా? రెండోది, ఎదురుపడ్డాక ఆ ఒంట్లో బతకగలదా? ఈ ఐసోపాడ్ పిల్లలు తల్లి సంచిలోంచి బయటికొచ్చాక కొద్దికాలమే ఈదుతూ వెతుకుతాయి. ఒకసారి కుదురుకుని ఆడదిగా మారాక ఈదే వెంట్రుకలు పోతాయి, ఇక చేప మారడం కుదరదు. అందుకే పిల్ల ఈదే లోతులో, ఆ రోజుల్లో ఏ గుంపు తిరుగుతోందన్నది చాలా తేల్చేస్తుంది. వలలో కలిసి పడినంత మాత్రాన ఆ రెండు జాతులూ నీళ్లలో ఒకే లోతున తిరిగాయని కాదు.

మొదటి జల్లెడ తెరుచుకుంటే ఏమవుతుందో ఈల్ చేపలు చూపించాయి. ఆంగ్విల్లికోలా క్రాసస్ అనే నులిపురుగు ఆసియాలో జపాన్ ఈల్ గాలితిత్తిలో ఉండేది. 1980ల మొదట్లో బతికున్న ఈల్‌ల రవాణాతో యూరప్ చేరింది. యూరప్ ఈల్‌కు అంతకుముందు అది పట్టకపోవడం నిరోధశక్తి వల్ల కాదు, ఎదురుపడకపోవడం వల్ల. ఎదురుపడ్డాక జపాన్ ఈల్ కంటే ఎక్కువ దెబ్బతిన్నది అదే.

రెండో జల్లెడకు సాల్మన్ పేను మంచి ఉదాహరణ. అట్లాంటిక్ సాల్మన్ మీద హాయిగా పెరుగుతుంది. కోహో సాల్మన్ మీద వాలితే అక్కడి చర్మం వాచి, కణాలు దట్టంగా పెరిగి పేనును వదిలించుకుంటాయి. రెండూ సాల్మన్‌లే!

గుంటూరు ఫిష్ ప్యాథ్
పై జవాబు సరైనదే. కానీ "పట్టదు" అనే ముందు లెక్క చూడండి. కవళ్లలో నిజంగా 10 శాతానికి పురుగు ఉందనుకున్నా, 12 చేపలు చూస్తే ఒక్కటీ దొరక్కుండా పోయే అవకాశం 28 శాతం. 10 శాతం ఉంటే కనీసం ఒక్కటైనా కనిపించాలని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే 29 చేపలు చూడాలి, 5 శాతమే ఉంటే 59. చిన్నవీ పెద్దవీ కలిపేస్తే ఇదీ పనికిరాదు. వయసు పెరిగే కొద్దీ పురుగు ఎదురుపడే అవకాశం పెరుగుతుంది కాబట్టి పొడవు తప్పక రాయండి.

మార్కెట్ గంప దీనికి పనికిరాదు. నిజాంపట్నం లాంటి చోట పడవ దిగగానే, గంపలో కలవకముందే, ఒక్కో చేపను విడి పాలిథిన్ కవర్లో వేసి ఐసు పెట్టించండి. ల్యాబ్‌లో మొదట కవరు అడుగు కడిగి చూడాలి, రాలిన పురుగు అక్కడే ఉంటుంది. తర్వాత మొప్ప మూత కత్తిరించి, ఒక్కో వైపు నాలుగేసి మొప్ప వంపుల్ని పెట్రీ డిష్‌లోకి తీయండి. ఐసోపాడ్ కంటికే కనిపిస్తుంది, మోనోజీనియన్‌లకు (మొప్పలకు పట్టే సన్నటి బల్లపరుపు పురుగులు) స్టీరియో మైక్రోస్కోప్ కావాలి. భద్రపరచడానికి 70 శాతం ఇథనాల్ వాడండి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ పాడవుతుంది, జాతిని తేల్చడం కష్టమవుతుంది.

బెజవాడ జువాలజీ
థాంక్సండీ. మరి కవళ్లలో దొరికిన ఆ ఒక్కటి?

గుంటూరు ఫిష్ ప్యాథ్
చేప చచ్చాక ఈ ఐసోపాడ్‌లు పట్టు వదిలి పాకుతాయి, పక్క చేప మొప్పలోకీ దూరతాయి. పురుగు ఉన్నచోట మొప్ప రేకులు అణిగి కురచబడ్డాయా, మొప్ప గూట్లో దాని ఆకారానికి గుంట పడిందా చూడండి. ఆ గుర్తులుంటే బతికుండగా అక్కడే పెరిగింది. మొప్ప ఎర్రగా, నిండుగా ఉంటే గంపలో చేరి ఉండొచ్చు. దాన్ని లెక్కలో వేయకుండా విడిగా రాయండి.

వెనామీ చెరువు
రొయ్యల్లోనూ ఇదే పొరపాటు జరుగుతోంది. చెరువులోని పీతకో, పాలీకీట్ పురుగుకో (వానపాము లాంటి సముద్రపు పురుగు) ఈహెచ్‌పీ (రొయ్యలకు జబ్బు తెచ్చే సూక్ష్మ పరాన్నజీవి) పీసీఆర్ డీఎన్‌ఏ పరీక్షలో పాజిటివ్ రాగానే "దానికీ జబ్బు పట్టింది" అనేస్తున్నారు. సుమారు 1 మైక్రాన్ స్పోరు మట్టితో పాటు పేగులోకి వెళ్లి బయటికి వచ్చినా పాజిటివే వస్తుంది. కణాల లోపల పెరుగుతోందని హిస్టాలజీ (కణజాలపు పలచటి కోత) స్లైడులో చూపితేనే ఆతిథేయి, అంటే పరాన్నజీవికి ఆశ్రయమిచ్చే జీవి, అనాలి. అలాగని వదిలేయడానికీ లేదు. మోసుకొచ్చే పాలీకీట్‌ను బ్రూడ్ (పిల్లల కోసం పెంచే తల్లి) రొయ్యలకు బతికుండగా మేపితే జబ్బు అంటుతుంది, −20 డిగ్రీల దగ్గర గడ్డకట్టించాకే వేయాలి.