అప్‌డేట్: పక్కలో పడుకోబెడితే పాప ఊరికే కదులుతోందని అడిగాను కదా

మూడు నెలల మా పాప ఉయ్యాల్లో మొద్దు నిద్ర పోతుంది, నా పక్కలో అయితే మాటిమాటికీ కదిలి మూలుగుతుంది, నిద్ర చాలడం లేదా అని పోయిన నెల అడిగాను. జవాబు చెప్పిన అందరికీ థాంక్స్.

మీలో ఒకరు చెప్పిన జేమ్స్ మెకెన్నా, సారా మాస్కోల పరిశోధన గురించి చదివాను. 1990లలో అమెరికాలో, పాలిచ్చే తల్లులనీ బిడ్డలనీ ల్యాబ్‌లో పడుకోబెట్టి రాత్రంతా రికార్డు చేశారు. తల్లి పక్కన ఉన్న బిడ్డల్లో గాఢనిద్ర కాస్త తగ్గింది, చిన్న చిన్న మెలకువలు పెరిగాయి. చాలాసార్లు తల్లీ బిడ్డా ఒకేసారి కదిలారు. పాలు తాగడం కూడా బాగా ఎక్కువైంది. నేను జబ్బేమో అనుకుని ఏడ్చింది దీని గురించే! ఊపిరి ఇబ్బందైతే బిడ్డను లేపేది కూడా ఇలాంటి మెలకువే.

అలాగని పక్కలో పడుకోబెట్టడం సేఫ్ అని ఆ పరిశోధన తేల్చలేదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022లో కూడా ఒకే గదిలో ఉంచండి, ఒకే మంచం మీద వద్దు అనే చెప్పింది. మా డాక్టరమ్మదీ అదే మాట. చీర ఉయ్యాల్లో మెడ ముందుకు వంగితే ఊపిరికి అడ్డమని, రాత్రి నిద్రకి అదీ వద్దన్నారు.

అత్తయ్య మొదట ఒప్పుకోలేదు. ఇప్పుడు నా మంచానికి ఆనించి చిన్న తొట్టి, గట్టి పరుపు. దిండు, దుప్పటి లేవు, పాప వెల్లకిలా పడుకుంటోంది. పాలకి మూడుసార్లు లేస్తోంది, నేనూ లేస్తున్నాను. టెన్షన్ మాత్రం పోయింది.