పాత పత్రికల స్కాన్లు: టిఫ్‌లను జేపెగ్ చేసి అసలు ఫైళ్లు తీసేయవచ్చా?

పాతపుటలు:
1930ల నుంచి 50ల దాకా వచ్చిన తెలుగు వారపత్రికల స్కాన్లు ఉన్నాయి. ఏ4 సైజు, 600 డీపీఐ (అంగుళానికి 600 పిక్సెళ్లు), 24 బిట్ కలర్, కంప్రెషన్ (ఫైలును నొక్కి సైజు తగ్గించడం) లేని టిఫ్ బొమ్మ ఫైళ్లు. పేజీకి 4960×7016 పిక్సెళ్లు, అంటే 104 ఎంబీ. 20,000 పేజీలకు 2 టీబీ దాటింది. ఇంకో డిస్కుకు డబ్బుల్లేవు, ఉన్నది ఒక్కటే కాపీ. అన్నిటినీ జేపెగ్ క్వాలిటీ 90 చేసి టిఫ్‌లు తీసేద్దామని కొందరు, వాటి జోలికే వెళ్లొద్దని కొందరు. ఎవరి మాటైనా సరే, కారణంతో చెప్పండి. చూడ్డానికి తేడా లేదన్న ఒక్క మాట చాలదు.

గుణింతం:
తీసేయొద్దండీ. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో సన్నటి మార్పులను దగ్గరి అంకెలకు సర్దేసి మిగతాది పారేస్తుంది. ఫొటోలకు అది నప్పుతుంది. అచ్చు అక్షరం అంచు దగ్గర మాత్రం కాగితం తెలుపు నుంచి సిరా నలుపుకు ఒక్కసారిగా దిగాలి. అక్కడ సర్దుబాటు జరిగితే అంచుకు రెండు వైపులా లేత బూడిద అలలు మిగులుతాయి. తెర మీద కనపడవు. ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్‌తో చదివించడం) కోసం నలుపు తెలుపు చేసినప్పుడు అవే నలుసులై తేలతాయి. మన లిపిలో నలుసుకు విలువ ఎక్కువ: థ పొట్టలో చుక్క పోతే ధ, ఢ కింద గీత పోతే డ, ఠ లో చుక్క చెరిగితే ర లాగే ఉంటుంది.

రెండో సంగతి. పేజీ వంకర సరిచేయడం, అంచులు కత్తిరించడం ఎప్పటికీ పూర్తయ్యే పని కాదు. జేపెగ్ మీద వంకర సరిచేసి సేవ్ చేసిన ప్రతిసారీ గళ్లు కొత్తగా పడతాయి, నష్టం మీద నష్టం. 90 డిగ్రీలు తిప్పడం లాంటి కొన్ని పనులే నష్టం లేకుండా చేయొచ్చు. అదీ పొడవు, వెడల్పు 8తోనో 16తోనో భాగించబడితేనే. లేకపోతే అంచున ఒక పట్టీ చెడుతుంది, లేదా తెగిపోతుంది.

మూడుకాపీలు:
గుణింతం గారూ, సిద్ధాంతం సరే, 600 డీపీఐలో లెక్క వేసి చూడండి. 10 పాయింట్ల అక్షరం 83 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది. థ లోని చుక్క దాదాపు ఒక గడంత. క్వాలిటీ 90లో అది చెరిగే ప్రశ్నే లేదు. మీరన్న ప్రమాదం 200 డీపీఐలో, క్వాలిటీ 60లో. అక్కడ అక్షరం 28 పిక్సెళ్లు, చుక్క మూడు.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. ఒక్క డిస్కులో 2 టీబీ! ఆ డిస్కు పోయిన రోజు నష్టం లేని టిఫ్‌లూ నష్టమున్న జేపెగ్‌లూ సమానమే, ఏవీ ఉండవు. క్వాలిటీ 90లో ఈ పేజీ కాగితం గరుకును బట్టి పది ఎంబీకి అటూ ఇటూ వస్తుంది. 20,000 పేజీలు సుమారు 200 జీబీ. మూడు ఊళ్లలో మూడు కాపీలు పెట్టినా 600 జీబీ. ఎవరికీ దొరకని నాణ్యత కంటే మూడు చోట్ల బతికుండే పేజీ మేలు.

ప్రెస్‌బాట:
ఇద్దరూ చివరి మెట్టు దగ్గర వాదించుకుంటున్నారు. మధ్యలో రెండు మెట్లున్నాయి.

మొదటిది: కంప్రెషన్ లేని టిఫ్ ఎందుకు ఉంచుకున్నారు? టిఫ్ లోపలే జిప్ లేదా ఎల్‌జెడ్‌డబ్ల్యూ అనే నష్టం లేని కంప్రెషన్ పెట్టొచ్చు, ఒక్క పిక్సెల్ మారదు. జిప్ ఎంచుకోండి. దాంతో పాటు 'ప్రిడిక్టర్' ఆన్‌లో ఉండాలి. అది పిక్సెల్ విలువకు బదులు పక్క పిక్సెల్‌తో ఉన్న తేడాను రాస్తుంది. అది లేకుండా గరుకు కాగితం స్కాన్‌ను నొక్కితే పెద్దగా తగ్గదు, కంప్రెషన్ పనికిరాదని జనం తీర్మానించేస్తారు. ఉంటే సాధారణంగా మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది.

రెండోది: నల్ల సిరాతో అచ్చయిన పేజీకి 24 బిట్ కలర్ అక్కర్లేదు. 8 బిట్ గ్రే (బూడిద ఛాయలు మాత్రమే) చేస్తే 35 ఎంబీ, దాన్ని జిప్ చేస్తే ఇంకా తక్కువ. గ్రే చేసేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులనూ కలిపేయకుండా ఎర్ర చానెల్ (ఎరుపు విలువలు) ఒక్కటే తీసుకుని చూడండి. పసుపెక్కిన కాగితం, గోధుమ రంగు మరకలు ఎర్ర చానెల్‌లో తేలిపోయి అక్షరం నిలబడుతుంది. నీలం చానెల్‌లో అదే మరక నల్లగా వస్తుంది. గ్రంథాలయం ఎర్ర స్టాంపు, ఎర్ర సిరాతో రాసిన తేదీ ఉంటే మాత్రం ఎర్ర చానెల్‌లో అవీ మాయమవుతాయి. అలాంటి పేజీలను, కవర్లను కలర్‌లోనే ఉంచాలి.

నల్లసిరా:
గ్రే కూడా ఎందుకండీ? అక్షరాల పేజీలను 1 బిట్ (నలుపు, తెలుపు మాత్రమే) చేసి, అలాంటి పేజీలకు వాడే గ్రూప్ 4 అనే నష్టం లేని కంప్రెషన్ పెడితే వందల కేబీల్లోకి దిగుతుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాలు చాలావరకు అలా నలుపు తెలుపులోనే ఉన్నాయి, చదువుకుంటూనే ఉన్నాం కదా.

గుణింతం:
చదువుతున్నాం, ఏ పేజీలో సున్నా పూడిపోయిందో ఊహించుకుంటూ! 1 బిట్ చేయాలంటే ఎక్కడ నలుపు, ఎక్కడ తెలుపు అని ఒక గీత గీయాలి. వెనక పేజీ సిరా ఇటు కనపడే పల్చటి న్యూస్‌ప్రింట్‌లో ఆ గీత పేజీ అంతా ఒకేలా పనిచేయదు. మధ్యలో సరిపోయింది, కుట్టు దగ్గరి నీడలో అక్షరాలను పూడ్చేస్తుంది. గ్రే ఉంటే రేపు మెరుగైన పద్ధతితో మళ్లీ గీసుకోవచ్చు, 1 బిట్ నుంచి వెనక్కి దారి లేదు. ఇక పేజీలోని ఫొటోలు చుక్కల అచ్చువి. వాటిని 1 బిట్ చేస్తే మసి ముద్దలే.

ప్రెస్‌బాట:
ఆ మాటకు ఇంకో హెచ్చరిక. పీడీఎఫ్ చేసే సాఫ్ట్‌వేర్లలో జేబిగ్2 అని 1 బిట్ పేజీలకు వాడే ఒక కంప్రెషన్ ఉంటుంది. దాని నష్టపు పద్ధతి ఒకేలా కనిపించే అక్షరాలను పోల్చి, ఒకే బొమ్మను అన్ని చోట్లా అతికిస్తుంది. 2013లో డేవిడ్ క్రీజెల్ బయటపెట్టిన జిరాక్స్ యంత్రాల లోపం ఇదే: స్కాన్‌లో 6 ఉన్న చోట 8 వచ్చింది, అదీ ఏ మసకా లేకుండా శుభ్రంగా. జేపెగ్ చెడితే చెడినట్టు కనిపిస్తుంది. ఇది చెడితే అచ్చు సరైన అక్షరంలా ఉంటుంది. ప, వ లాంటి దగ్గరి రూపాలున్న లిపికి దీన్ని వాడకూడదు. నష్టం లేని పద్ధతి ఎంచుకునే వీలుంటే సరే, లేకపోతే గ్రూప్ 4 చాలు.

పాతపుటలు:
పీఎన్‌జీ అనే ఇంకో బొమ్మ ఫైలు రకం గురించి ఎవరూ అనలేదు. అదీ నష్టం లేనిదే కదా?

ప్రెస్‌బాట:
నష్టం లేనిదే. పైగా ఫైలులో ప్రతి ముక్కకూ సరిచూసే అంకె ఉంటుంది కాబట్టి పాడైతే తెలుస్తుంది. కానీ మూడు చోట్ల చూసుకోవాలి. బహుపేజీల టిఫ్‌ను పీఎన్‌జీ చేస్తే ఒక్కో పేజీ ఒక్కో ఫైలవుతుంది, కొన్ని టూల్స్ మొదటి పేజీనే మార్చి పని అయిపోయిందంటాయి. ఫైళ్ల నంబర్లు 1, 2, 10 అని వస్తే కొన్ని టూల్స్ 10ని 2 ముందు పెడతాయి. 001 లా మూడంకెలు పెట్టించండి. మూడోది డీపీఐ. పీఎన్‌జీ దాన్ని మీటరుకు ఇన్ని పిక్సెళ్లని దాస్తుంది, 600 కాస్తా 23622 అవుతుంది, తిరిగి తెరిస్తే 599.9988. అది పరవాలేదు. ఆ సమాచారం మార్పిడిలో పూర్తిగా రాలిపోతేనే చిక్కు: పీడీఎఫ్ టూల్ 72 అనుకుంటే మీ ఏ4 పేజీ దాదాపు 69 అంగుళాల వెడల్పుకు సాగుతుంది.

ఏది చేసినా ఇలా చేయండి. వేరే ఫోల్డర్‌లోకి మార్చండి, అసలు దాని మీద రాయించొద్దు. ఇమేజ్‌మ్యాజిక్ అనే టూల్‌లోని 'కంపేర్' కమాండ్‌తో పాతదీ కొత్తదీ పోల్చండి. తేడా ఉన్న పిక్సెళ్ల లెక్క సున్నా రావాలి. కమాండ్లు రాకపోతే జింప్ అనే బొమ్మల ప్రోగ్రాంలో రెండిటినీ రెండు లేయర్లుగా పెట్టి పైదాని మోడ్ 'డిఫరెన్స్' చేయండి. తెరంతా నల్లగా ఉండి, లెవెల్స్ (వెలుగు సర్దుబాటు) పూర్తిగా లాగినా నల్లగానే ఉంటే ఏమీ పోలేదు. కలర్ జిప్‌కు, పీఎన్‌జీకి ఈ పరీక్ష సరిపోతుంది. గ్రే చేసిన పేజీని కలర్‌తో కాదు, ఆ చానెల్‌తోనే పోల్చాలి.

మూడుకాపీలు:
జిప్ టిఫ్, గ్రే కలిపినా 500 జీబీ పైమాటే. రెండో కాపీ పడుతుందేమో కానీ మూడోది పడదు. అందుకే నా మాట మారదు: జేపెగ్ కాపీ ఇవాళే తీసి వేరే ఊరికి పంపండి. తీసేటప్పుడు వంకర సరిచేసిన తర్వాతే తీయండి, క్వాలిటీ 92, రంగు వివరాన్ని అడ్డంగానూ నిలువుగానూ సగానికి తగ్గించే 4:2:0 ఆపేసి, ఏమీ తగ్గించని 4:4:4 పెట్టండి. లేకపోతే ఎర్ర స్టాంపుల అంచులు పక్కకు పాకుతాయి.

గుణింతం:
రెండో కాపీగా జేపెగ్‌కు నాకేం అభ్యంతరం లేదు, టిఫ్‌కు బదులుగా అంటేనే. చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో సరిచూసే అంకె) జాబితా కూడా పెట్టండి. జేపెగ్‌లో ఒక్క బిట్ తిరగబడితే ఆ చోటు నుంచి కింది పేజీ అంతా రంగులు మారిపోవచ్చు. కంప్రెషన్ లేని టిఫ్‌లో అయితే ఒక్క చుక్క పోతుందంతే.

పాతపుటలు:
ముందు జేపెగ్ కాపీలు బయటికి పంపుతాం. తర్వాత అక్షరాల పేజీలు ఎర్ర చానెల్ గ్రే, కవర్లూ స్టాంపులున్న పేజీలూ కలర్, రెండూ జిప్ టిఫ్. పోలికలో సున్నా వచ్చిన ఫైలుకే అసలు తీసేస్తాం. స్టాంపులున్న పేజీలను ఏరడం చేత్తోనే చేయాలి. దానికి టూల్ ఏదైనా ఉంటే చెప్పండి.

నల్లసిరా:
ఎర్ర చానెల్‌లోంచి నీలం చానెల్‌ను తీసేస్తే స్టాంపు తెల్లగా తేలుతుంది, కానీ పసుపెక్కిన కాగితం కూడా తేలుతుంది. నీలానికి బదులు ఆకుపచ్చ చానెల్‌ను తీసి చూడండి, పసుపులో ఎరుపు, ఆకుపచ్చ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి కాగితం అణిగిపోతుంది. గోధుమ మరకలు కొన్ని దొర్లుతాయి, అవి కలర్‌లో ఉండిపోయినా నష్టం లేదు.